గోడ పడే లోపు

అమ్మాయీ,

నీ వ్యాసం ‘నవ్వుల వెనక కన్నీళ్లు’ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. వాక్యం రాయడం నీకు వచ్చు. ఆ మాట ఇక్కడే చెప్పేసి తిట్లలోకి వస్తాను.

ఎనిమిది పేజీల్లో ఐదు పేజీలు మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ తాగుడు, విడాకులు. ఇంటి గోడ మొత్తం ఆయన మీద పడి, కిటికీ సందులోంచి ఆయన బతికి బయటపడే సీనుకి మాత్రం ఒకే ఒక్క ముక్క: ‘ప్రాణాలకు తెగించి నటించాడు’. అంతేనా?

1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ అది. గోడ చట్రాన్ని ముందు నేల మీద పడుకోబెట్టి, కీటన్ చుట్టూ కొలత చూసి కిటికీ కట్టారు. భుజాలకి, తలకి, మడమలకి రెండేసి అంగుళాల సందు. మడమలు ఉండాల్సిన చోట నేలలో మేకులు దిగ్గొట్టి, ఆ తర్వాత గోడని మళ్లీ నిలబెట్టారు. ఇదంతా ఆయనే చెప్పుకున్నాడు. తెగింపు ఎవరికైనా ఉంటుందమ్మా, తాగుబోతుకీ ఉంటుంది. ఆ మేకులు కొట్టాలని తోచడం ఉందే, అది రాయాలి నువ్వు.

‘రాయిలాంటి ఆ ముఖం వెనక గడ్డకట్టిన దుఃఖం’ అన్నావు. ఎవరు చెప్పారు నీకు? పసివాడప్పుడే వాడి బట్టలకి సూట్‌కేస్ పిడి కుట్టి, స్టేజీ మీద ఇటూ అటూ విసిరేవాడు తండ్రి. తను నవ్వితే జనం నవ్వడం లేదని ఆ వయసులోనే కనిపెట్టాడు కుర్రాడు. నవ్వడం మానేశాడు. అది పనితనం. 1917లో సినిమాల్లోకి వచ్చిన కొత్తలో కెమెరా అడిగి తీసుకెళ్లి, విప్పి, లోపల ఏముందో చూసుకున్న మనిషి. అలాంటివాడి మీద జాలి కుమ్మరించడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

తాగుడు రాయొద్దనను. కానీ 1928లో సొంత స్టూడియో వదిలి ఎం.జి.ఎం. అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోలో చేరడమే తను చేసిన పెద్ద తప్పని కీటనే అన్నాడు. అప్పటిదాకా స్క్రిప్టు కాగితం లేకుండా సెట్టు మీద ఆలోచించుకున్నవాడికి, అక్కడ ప్రతిదీ ముందే రాసి చేతికిచ్చారు. నీ వ్యాసంలో ఇది లేదు. భార్య పేరు నాలుగుసార్లు ఉంది.

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. ‘మానవీయ కోణం’ అనే జబ్బు మా రోజుల్లోనే అంటుకుంది. నలభై ఏళ్ల కిందట ఒక తోలుబొమ్మలాట ముసలాయన మీద ఒక వారపత్రికకి రాశాను. వారం రోజులు ఆయన వెనకాల కూర్చుని, జనాన్ని నవ్వించే కేతిగాడి బొమ్మని ఎలా ఆడిస్తాడో రెండు పేజీలు రాసుకున్నాను. సంపాదకుడుగారు ఆ రెండు పేజీలూ కొట్టేసి, ఆయన ఇంటి చూరు కారడం, కూతురి పెళ్లి ఆగిపోవడం మాత్రం ఉంచారు. ‘పాఠకుడికి ఏడుపు రావాలండీ’ అన్నారు. వచ్చింది, బోలెడు ఉత్తరాలు కూడా వచ్చాయి. ఒక్కరూ కేతిగాడి గురించి అడగలేదు.

చాప్లిన్ గొప్పా, కీటన్ గొప్పా అన్న ప్రశ్న తర్వాత చూద్దాం. ముందు ఆ సీను మళ్లీ పది సార్లు చూసి, గోడ పడే లోపు ఆయన ఏం చేస్తున్నాడో రాసి పంపు. కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. నేను ఉంచుకోలేదు. కేతిగాడి కీళ్ల దగ్గర దారం ఎంత వదులుగా కట్టేవాడో ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. అడుగుదామంటే ఆయన పోయి ముప్పై ఏళ్లు.

ఉంటాను.