Re: మొదటి కృతజ్ఞతా ప్రార్థన చివర "ఈ మంచివన్నీ" అంటే ఏవి?

బ్రదర్, కతోలిక పూజలో గురువు రొట్టె, ద్రాక్షరసాలపై చెప్పే ప్రధాన ప్రార్థనల్లో మొదటిదాని చివర "ఈ మంచివన్నీ" అని ఉండడం మీ పుస్తకంలో తప్పేమో అని అడిగారు. మీ సందేహం సహజమే. అప్పుడు గురువు ముందున్నవి రొట్టె, ద్రాక్షరసమే. అప్పటికే అవి క్రీస్తు శరీర రక్తాలయ్యాయి. మరి "ఈ మంచివన్నీ నిరంతరం సృష్టిస్తూ, పవిత్రపరుస్తూ, ఆశీర్వదిస్తున్నావు" అనడం ఎందుకు?

పాత రోమా పూజలో సరిగ్గా ఆ మాటల ముందే పంటను ఆశీర్వదించేవారు. ప్రభువు ఆరోహణ పండుగనాడు కొత్త చిక్కుళ్లు, ఆగస్టు 6న, అంటే 258లో హతసాక్షి అయిన (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన) రెండవ సిక్స్తు పోపు పండుగనాడు, కొత్త ద్రాక్ష. ఆ ఆశీర్వాదాలు అక్కడ నుంచి పోయాయి, వాటిని ఉద్దేశించిన వాక్యం మిగిలింది. పవిత్ర వారంలో, అంటే ఈస్టరుకు ముందు వారంలో, వ్యాధిగ్రస్తుల తైలాన్ని ఇప్పటికీ ఆ చోటే ఆశీర్వదించే ఆచారం ఉంది, ఈసారి పీఠాధిపతి (బిషప్) పూజకు వెళ్తే గమనించండి.

ఇంతకంటే పాతది కావాలంటే, మూడో శతాబ్దపు రోముకు చెందిందని సాధారణంగా చెప్పే 'అపొస్తలుల సంప్రదాయం' అనే సంఘ నియమాల, ప్రార్థనల పుస్తకం చూడండి. ఆశీర్వాదానికి జున్ను తెస్తే, గడ్డకట్టిన ఈ పాలలాగే మమ్మల్నీ నీ ప్రేమలో గట్టిపరచు అని ప్రార్థన! ఆశీర్వాదానికి తేదగ్గ పండ్ల జాబితా ఇంకా తమాషా: ద్రాక్ష, అంజూర, దానిమ్మ, బాదం సరే, దోసకాయ, ఉల్లి, వెల్లుల్లి వద్దు. పూలలో గులాబీ, లిల్లీ మాత్రమే. ఉల్లి ఏం పాపం చేసిందో రాయలేదు.

కాబట్టి మీ ప్రార్థన పుస్తకంలో తప్పేమీ లేదు. దిద్దించకండి.