పైరసీ వల్ల నష్టపోయేది ఎవరు? ఒక సినిమా హాలు గుమస్తా జవాబు

మీ ప్రశ్న ఇది: "హీరోలకు కోట్లు ఇస్తున్నారు, టికెట్ ధరలు ఇష్టం వచ్చినట్టు పెంచుతున్నారు. నేను ఎలాగూ హాలుకు వెళ్లను. అలాంటప్పుడు సినిమాను డౌన్‌లోడ్ చేసుకుని చూస్తే ఎవరికి నష్టం? అందులో తప్పేముంది?"

నేను చిత్తూరులో ఒక సినిమా హాలులో లెక్కలు రాస్తాను. ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయి, పన్ను ఎంత, నికరం ఎంత అని రోజూ కాగితం తయారుచేసి డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు పంపాలి. దాన్ని మేము డీసీఆర్ అంటాం. ఆ కాగితం దగ్గర కూర్చున్నవాడిగా ముందు డబ్బు సంగతి చెబుతాను, తప్పొప్పుల సంగతి తర్వాత.

మీ ప్రశ్నలో ఒక మాట నిజమే. మీరు డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన హీరోగారికి పోయేదేమీ లేదు. చాలావరకు ఆయన పారితోషికం విడుదలకు ముందే ముట్టిపోతుంది. నిర్మాత కూడా సినిమాను ఏరియాలవారీగా అమ్ముకుంటాడు. మన రాయలసీమను సినిమా వ్యాపారంలో ఇప్పటికీ 'సీడెడ్' అనే పిలుస్తారు. సీడెడ్ హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్ మినిమమ్ గ్యారంటీ కింద, అంటే సినిమా ఆడినా ఆడకపోయినా ఇంత అని, ముందే డబ్బు కట్టి, దాన్ని హాళ్ల వసూళ్ల నుంచి రాబట్టుకోవాలి. అంటే డబ్బు ముందుగానే పైకి వెళ్లిపోతుంది, నష్టం వస్తే అది కిందే మిగిలిపోతుంది. పైరసీ గురించి మాట్లాడేవాళ్లు హీరోనూ నిర్మాతనూ చూసి ఆగిపోతారు గానీ ఇంత దూరం రారు.

హాలు లెక్క మరోలా ఉంటుంది. పెద్ద సినిమా అయితే మొదటి వారం మాకు అద్దె ఇస్తారు. జనం వచ్చినా రాకపోయినా అద్దెలో మార్పుండదు కాబట్టి ఆ వారం కుర్చీలు ఖాళీగా ఉంటే దెబ్బ డిస్ట్రిబ్యూటర్‌కే. వసూళ్లు తగ్గగానే మమ్మల్ని పర్సంటేజీకి, అంటే అద్దెకు బదులు వసూళ్లలో ఇంత శాతం అనే లెక్కకు, మారుస్తారు. అక్కడినుంచి ఆ నష్టంలో మాకూ వాటా. బాగా ఆడే రోజుల్లో అద్దె, పడిపోయాక పర్సంటేజీ! 2025 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని హెచ్చరించింది ఈ పద్ధతి మీదే. తర్వాత వెనక్కి తగ్గారు, అది వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆన్‌లైన్‌లోకి మంచి ప్రింటు వచ్చేసరికి సాధారణంగా సినిమా ఈ పర్సంటేజీ రోజుల్లోనే ఉంటుంది.

ఇంకా కిందికి దిగితే క్యాంటీనూ బండ్లు పెట్టుకునే స్టాండూ ఉన్నాయి. రెండూ లీజుకు ఇచ్చినవే, సినిమా ఆడినా ఆడకపోయినా వాళ్లు కట్టాల్సింది కట్టాలి. మా క్యాంటీన్ ఆయన రోజూ పొద్దున్నే వచ్చి "బుకింగ్ ఎలా ఉంది సార్?" అని అడిగి, నేను చెప్పినదాన్నిబట్టి సమోసాలకు పిండి కలిపిస్తాడు. ఒకసారి ఓ చిన్న సినిమా శుక్రవారం మామూలుగా మొదలై, శనివారం బాగుందన్న మాట బయటికి వచ్చి సెకండ్ షోకు పుంజుకుంది. ఆదివారం మీద ఆయన ఆశలు పెట్టుకున్నాడు. శనివారం రాత్రే శుభ్రమైన కాపీ టెలిగ్రామ్‌లోకి వచ్చేసింది. ఆదివారం మ్యాట్నీకి కుర్రాళ్లు వచ్చారు, యాదమరి, గుడిపాల వైపు నుంచి ఆటోల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలు రాలేదు. కుర్రాళ్లకు హాలు ఒక సరదా, ఫోనులో సినిమా ఉన్నా వస్తారు. కుటుంబానికి అది ఖర్చు, ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే తేలిపోతుంది. క్యాంటీన్‌లో ఖర్చుపెట్టేది కూడా ఆ కుటుంబాలే. ఆ సాయంత్రం మిగిలిన సమోసాలు గేటు దగ్గర పనిచేసేవాళ్లకు పంచిపెట్టాడు. తినేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆ సినిమాను సోమవారం రెండు ఆటలకు తగ్గించారు, గురువారానికి ఎత్తేశారు.

అలాగని ప్రతి డౌన్‌లోడూ పోయిన టికెట్టే అని నేను వాదించను. ఇన్ని వేల కోట్ల నష్టం అని ప్రకటించేవాళ్లు అలాగే గుణిస్తారు, అది దొంగ లెక్క. ఉచితం కాబట్టి చూసేవాళ్లు ఎందరో, వాళ్లు డబ్బు పెట్టి ఎప్పటికీ రారు. హాలు ఖాళీగా ఉండటానికి వేరే కారణాలూ ఉంటాయి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయల చొప్పున సాయం ప్రకటించాల్సి వచ్చిన ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. మా జిల్లాలో కాయ అమ్ముడుపోతేనే జనం సినిమాకు వస్తారు. ఆ ఏడాది మా దగ్గర వెలితి కనిపించింది. దాన్ని పైరసీ ఖాతాలో రాస్తే అబద్ధమవుతుంది. నాలుగు వారాలకే సినిమాను ఓటీటీకి ఇచ్చేయడం కూడా హాలును కొట్టే దెబ్బే, అది కొట్టేది నిర్మాతలే.

మరి ధరల మాట. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా ప్రత్యేక జీవో తెచ్చుకుని పెంచుతారు, నలుగురున్న ఇంటికి అది భారమే. మీ కోపం న్యాయమైనది. అయితే ధర తగ్గితే పైరసీ ఆగుతుందన్న వాదనను మన రాష్ట్రం ఒకసారి పరీక్షించి చూసింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవోలో గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లకు కింది తరగతి టికెట్ 5 రూపాయలు. టీ కూడా రాని ధర. అప్పుడు కూడా మా ఊరి ఫోన్లలో కొత్త సినిమాల కాపీలు నిక్షేపంగా తిరిగాయి. ఆ ధరలతో నడపలేక కొందరు హాలు యజమానులు తాళాలు వేసుకున్నారు. 2022 మార్చిలో మళ్లీ సవరించారు.

"లీకైనా హిట్టయిన సినిమాలు లేవా?" అంటారు. ఉన్నాయి. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికి పొక్కింది. విడుదలను హడావుడిగా సెప్టెంబరు 27కు జరిపారు, అభిమానులు పంతం పట్టి మరీ చూశారు, పెద్ద విజయం సాధించింది. కానీ అలా పంతం పట్టడానికి ఆ స్థాయి అభిమానులు ఉండాలి. కొత్త కుర్రాళ్లు తీసిన సినిమాకు అలా నిలబడేవాళ్లు ఎవరూ ఉండరు. నోటి మాట మీద రెండో వారం పుంజుకోవాల్సిన సినిమాలు అవి, ఆ రెండో వారమే వాటికి దక్కదు.

ఇక ఈ కాపీ ఎవరు చేస్తారు అన్నది. మా హాలులో ఒకసారి ఒకడు దొరికాడు. చొక్కా జేబులో ఫోను, జేబు గుడ్డకు చిన్న రంధ్రం. పట్టింది కెమెరాలు కాదు, టార్చి కొట్టే మా పెద్దాయన. హాలంతా పడీపడీ నవ్వుతుంటే ఒక్కడు మాత్రం కొయ్యబారి కూర్చున్నాడట, నవ్వితే ఫోను కదులుతుంది కదా! అనుమానం వచ్చి మేనేజర్‌ను పిలిచాడు. కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. ఎవరో మొహం కూడా చూడని మనిషి ఆన్‌లైన్‌లో కొన్ని వేలు ఇస్తానన్నాడట. హాలులో ఇలా రికార్డు చేయడాన్ని 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం నేరంగా పేర్కొంటుంది: 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షల రూపాయల నుంచి మొదలుపెట్టి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా. ఆ సంగతి ఆ కుర్రాడికి స్టేషన్‌లో తెలిసింది. పంపమన్నవాడు ఎవరో ఇప్పటికీ తెలియదు.

అందుకే, పైరసీ సైటు నడిపేవాణ్ణి పేదల పక్షాన నిలబడ్డవాడిగా కీర్తిస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుణ్ణి అరెస్టు చేసినప్పుడు అతనికి మద్దతుగా పోస్టులు వెల్లువెత్తాయి. అతను బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో డబ్బు సంపాదించాడన్నది పోలీసుల ఆరోపణ. అది కోర్టులో తేలాల్సిందే. ఆరోపణ సంగతి ఎలా ఉన్నా, ఇలాంటి ఏ సైటైనా తెరిచి చూడండి, సినిమా మొదలయ్యేలోపు ఎన్ని జూదం ప్రకటనలు మీదపడతాయో మీకే తెలుస్తుంది. టికెట్ డబ్బు మిగిలిందనుకున్న ఇంట్లో పిల్లవాడు ఆ లింకు నొక్కితే ఏమవుతుందో మా వీధిలోనే చూశాను.

ఇప్పుడు తప్పొప్పులు. అందరినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. ఏ హాలులోనూ, ఏ ఓటీటీలోనూ, కొనడానికి ఎక్కడా దొరకని పాత సినిమాను ఎవరో దాచిపెట్టిన కాపీలో చూశారంటే చట్టం ఏమన్నా నేను మిమ్మల్ని నిలదీయను. హక్కుదారే ఉచితంగా పెడితే పేచీయే లేదు. టీటీడీ తన పుస్తకాలు ఎన్నింటినో ఆన్‌లైన్‌లో అలాగే పెట్టింది, హాయిగా దించుకోండి. రచనలకైతే రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల మీద పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కన్నుమూశారు, ఆయన రచనలు ఇప్పుడు అందరివీ. ఇన్ని దారులు తెరిచే ఉన్నాయి. నిన్న విడుదలై, పక్క వీధి హాలులో ఆడుతున్న సినిమాను దించుకోవడం మాత్రం వీటిలో దేని కిందికీ రాదు. "నేను ఎలాగూ వెళ్లను" అన్నారు. చూడాలని లేకపోతే రెండున్నర గంటలు ఎందుకు కూర్చుంటున్నారండీ? చూడాలని ఉంది, డబ్బు ఇవ్వాలని లేదు. అంతవరకు ఒప్పుకుంటే మనం మాట్లాడుకోవచ్చు.

ధర మీద నిరసన తెలపాలంటే సినిమా మానేయండి, లేదా ఆగండి. పెంచిన ధరలు మొదటి కొద్ది రోజులకే, తర్వాత మామూలు ధరకు దిగుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రెండో వారంలో పనిరోజున మ్యాట్నీకి వచ్చారంటే మా ఊళ్లో మీకు కావలసిన వరుసలో కూర్చోవచ్చు, సమోసా కూడా వేడిగానే దొరుకుతుంది.