పాఠకుల ప్రశ్నలు: నాడీశాస్త్ర సదస్సులో బహుమతి ఎవరికి ఇస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉంది. వయసు పైబడిన ఎలుకలలో జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో పరిశోధిస్తోంది. నిరుడు ఒక జాతీయ నాడీశాస్త్ర సదస్సులో పోస్టరు పెట్టింది. చూసినవాళ్లంతా బాగుందన్నారట గాని బహుమతి రాలేదు. ఈ ఏడు యువ పరిశోధకుల పోటీకి ఎంపికైంది. అయినా "ఎవరికివ్వాలో వాళ్లు ముందే అనుకుని ఉంటారమ్మా, ఖర్చు దండగ" అంటోంది. ఈ బహుమతులను ఎలా నిర్ణయిస్తారు? వీటికి ముందు ముందు విలువ ఉంటుందా? పంపమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా పంపండి అమ్మా. మీ అమ్మాయి అన్న మాటకు ఆమెను తప్పుపట్టలేను. న్యాయనిర్ణేతలు ఏం చూస్తారో పోటీకి వచ్చే పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పరు, అది మా తరం అధ్యాపకుల లోపమే. చాలా ఏళ్లు ఇలాంటి పోటీలలో న్యాయనిర్ణేతగా కూర్చున్నవాడిని కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఆమె వెళ్తున్నది ఏ సంస్థ సదస్సో సరిగా చూసుకోమనండి. మన దేశంలో ఐ.ఎ.ఎన్. అనే పొడి అక్షరాలతో రెండు పెద్ద సంస్థలు ఉండటం వల్ల పిల్లలు తరచు తికమక పడుతుంటారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ నరాల వైద్యులది. 1982లో ఏర్పడిన ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరోసైన్సెస్‌లో ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్తలు ఎక్కువ. మీ అమ్మాయి చేసే పనికి ఈ రెండోదే తగిన వేదిక. అక్కడ పెద్దలకిచ్చే జీవన సాఫల్య పురస్కారానికి బి.కె.బచావత్ పేరు పెట్టుకున్నారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మెదడు రసాయన శాస్త్రానికి పునాది వేసి, 1962లో దేశంలో శాస్త్రవేత్తలకిచ్చే పెద్ద గౌరవమైన భట్నాగర్ బహుమతి అందుకున్న మహానుభావుడాయన. తులసాబాయి సోమానీ ట్రస్టు అవార్డు, డి.ఎం.కర్ ప్రైజు కూడా ఆ అకాడమీ ఇచ్చేవే. దరఖాస్తు చేసే ముందు ఆ పేర్ల వెనుక ఉన్న మనుషుల గురించి నాలుగు ముక్కలు చదవమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ని.

ఇక నిర్ణయం సంగతి. సాధారణంగా ముందు పోటీదారులు పంపిన పరిశోధన సారాంశాలను వడపోసి కొందరిని ఎంపిక చేస్తారు. ఆ తరువాత ఒక్కొక్కరికి ఎనిమిది, పది నిమిషాల ప్రసంగమో, లేక పోస్టరు ముందు నిలబడి చెప్పే అవకాశమో ఇస్తారు. ఆపైన ప్రశ్నలు వేస్తారు. సొంత విద్యార్థి పోటీలో ఉంటే ఆ న్యాయనిర్ణేత మార్కులు వేయకుండా తప్పుకోవాలి. ఎక్కడైనా అలా జరగకపోతే నిర్వాహకులను అడిగే హక్కు పోటీదారులకు ఉంది. అయితే నేను చూసినంతలో బహుమతి చేజారేది పక్షపాతం వల్ల కన్నా, ప్రశ్నల దగ్గర తడబడటం వల్లనే ఎక్కువ.

ఒక సంఘటన చెబుతాను. ఒక కుర్రవాడు చక్కటి పోస్టరు పెట్టాడు. రంగుల చిత్రాలు, ప్రతి గ్రాఫు మీద ఫలితం కాకతాళీయం కాదని చెప్పే నక్షత్రం గుర్తు, కింద "60" అని నమూనాల సంఖ్య. "ఈ అరవై ఏమిటి బాబూ?" అని అడిగితే "అరవై నాడీకణాలు సార్" అన్నాడు. "ఎన్ని ఎలుకలవి?" అంటే ఒక్క క్షణం ఆగి "మూడు" అన్నాడు. ఒకే ఎలుక మెదడులోంచి తీసిన ఇరవై కణాలు ఇరవై వేర్వేరు సాక్ష్యాలు కావు. ఒకే ఇంట్లో ఇరవై మందిని అడిగి ఊరి అభిప్రాయం తెలిసిందనుకోవడం లాంటిది అది. ఆ పక్కనే ఒక అమ్మాయి, నలుపు తెలుపుల్లో, రెండే గ్రాఫులతో పోస్టరు పెట్టింది. పన్నెండు ఎలుకలు. ఒక్కో ఎలుకకు ఒక్కో చుక్క పెట్టి, అన్నిటినీ కనబడేలా చూపించింది. వాటిలో రెండు తన వాదనకు ఎదురు తిరిగాయని తానే వేలు పెట్టి చూపి, అందుకు కారణం ఏమై ఉండవచ్చో చెప్పింది. ఆ రోజు మేం ముగ్గురం చర్చ లేకుండానే ఆమె పేరు రాశాం.

మీ అమ్మాయి జ్ఞాపకశక్తి మీద పనిచేస్తోంది కనుక, బహుశా నీటి తొట్టె పరీక్ష చేసే ఉంటుంది. 1981లో రిచర్డ్ మారిస్ ప్రచురించిన పద్ధతి అది. గుండ్రటి తొట్టెలో నీటిని లోపల ఏముందో కనబడకుండా తెల్లగా చేసి, నీటి మట్టానికి కొంచెం కింద చిన్న తిన్నె పెడతారు. గది గోడల మీది గుర్తులను బట్టి ఎలుక ఆ తిన్నె ఎక్కడుందో నేర్చుకుంటుంది. ముసలి ఎలుక ఆలస్యంగా చేరిందంటే అది దారి మరిచిపోయిందా, కాళ్లలో సత్తువ తగ్గి నెమ్మదిగా ఈదిందా, చూపు మందగించి గోడ గుర్తులు కనబడలేదా? ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేసి తీరతారు. ఈత వేగం విడిగా లెక్కగట్టి ఉండాలి. తిన్నెను పైకి కనబడేలా పెట్టి కూడా పరీక్షించి ఉండాలి. ఏ ఎలుక ఏ గుంపుదో తెలియని మనిషే సమయం నమోదు చేశారని చెప్పగలగాలి. ఈ మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంటే సగం గెలిచినట్టే. జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి సంఖ్య పోస్టరు మీద ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

విలువ ఉంటుందా అన్నారు. ఉద్యోగం దగ్గర బహుమతి బయోడేటాలో ఒక వరుస మాత్రమే, బరువంతా ప్రచురించిన పరిశోధన పత్రాలదే. కాని సదస్సు ఇచ్చేది బహుమతి ఒక్కటే కాదు. 1889లో స్పెయిను దేశపు నాడీశాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ తాను దాచుకున్న డబ్బుతో, తన స్లైడులు మోసుకుని బెర్లిన్‌లో జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సంఘం సదస్సుకు వెళ్లాడు. అప్పటికి ఆయన పేరు ఎరిగినవారు అక్కడ తక్కువ. వచ్చీరాని ఫ్రెంచిలో మాట్లాడుతూ, సూక్ష్మదర్శిని కింద నాడీకణాలను ఒక్కొక్కరికీ చూపించాడు. ఆ రోజుల్లో ఆ శాస్త్రానికి పెద్దదిక్కు అయిన కోలికర్ స్వయంగా చూసి, ఒప్పుకుని, ఆయనను తన వాళ్లకు పరిచయం చేశాడు. నోబెల్ బహుమతి 1906లో, ఇటలీ శాస్త్రవేత్త గోల్గీతో కలిపి వచ్చింది. అంటే పదిహేడేళ్ల తరువాత! బెర్లిన్‌లో ఆయనకు దక్కింది, చూసి అర్థం చేసుకోగల పది జతల కళ్లు. మీ అమ్మాయి పోస్టరు ముందు నిరుడు ఆగి ప్రశ్నలడిగిన వారిలో ఒకరైనా రేపు ఆమెకు పోస్ట్ డాక్టరేటు (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) చోటు చూపించే మనిషి కావచ్చు. వాళ్ల పేర్లు రాసి పెట్టుకుందా అని అడగండి. లేకపోతే ఈసారైనా చిన్న పుస్తకం వెంట పెట్టుకోమనండి.

ఖర్చు విషయంలో, ఫెలోషిప్‌తో వచ్చే కంటింజెన్సీ గ్రాంటును (పరిశోధన చిల్లర ఖర్చుల సొమ్మును) గైడు అనుమతితో సదస్సుకు వాడుకునే వీలుంటుందేమో విశ్వవిద్యాలయ కార్యాలయంలో కనుక్కోమనండి. నిర్వాహకులు విద్యార్థులకిచ్చే ప్రయాణ సహాయానికి కూడా గడువు లోపల దరఖాస్తు పెట్టాలి. అడగడానికి మొహమాటపడి ఆ డబ్బు వదులుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

ప్రశ్న: "మీరు ఉత్తమ యువ నాడీశాస్త్రవేత్త అవార్డుకు ఎంపికయ్యారు, రుసుము చెల్లించి నిర్ధారించుకోండి" అని నాకు మెయిలు వచ్చింది. నేను దరఖాస్తే చేయలేదు. తీసుకోవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, విజయనగరం

జవాబు: వద్దు. సదస్సుకు రిజిస్ట్రేషను రుసుము ఉండటం మామూలే గాని, అవార్డుకు రుసుము అడిగారంటే అది అవార్డు కాదు, అమ్మకం. దరఖాస్తు లేకుండా, మీ పనిని ఎవరూ చదవకుండా, మీ గైడుకు తెలియకుండా ఎంపిక ఎలా జరిగిందో వాళ్లు చెప్పలేరు. అలాంటి వరుస బయోడేటాలో కనబడితే, ఎంపిక సంఘంలో కూర్చున్నవారు దాని పక్కనున్న నిజమైన వరుసలను కూడా అనుమానంగా చూస్తారు. ఆ మెయిలు మీ గైడుకు పంపండి, ఆ డబ్బుతో ఏదైనా మంచి శాస్త్ర సంస్థలో విద్యార్థి సభ్యత్వం తీసుకోండి.