డాక్టర్ సలహా: మసాజ్ చేసే చేతులకే తామర సోకితే?

ప్రశ్న: నా వయసు 28. కాకినాడలోని ఒక మసాజ్ సెంటర్‌లో ఏడాదిగా పనిచేస్తున్నాను. మూడు వారాలుగా రెండు ముంజేతుల మీద గుండ్రటి ఎర్రని మచ్చలు వచ్చి, విపరీతంగా దురద పెడుతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే నాలుగు రోజులు తగ్గి, మళ్లీ ఎక్కువయ్యాయి. రాత్రిళ్లు బొటనవేలు, మణికట్టు లాగుతున్నాయి. మొన్న ఒకాయన ఎడమ పిక్క వాచిందని, గట్టిగా నొక్కమని అడిగారు. నేను భయపడి వద్దన్నాను. కస్టమర్ చెప్పినట్టు చేయాల్సిందేనని యజమాని కోప్పడ్డారు. నేను చేసింది తప్పా? ఈ పని మానేయాలా?
- ఒక సోదరి, కాకినాడ

జవాబు: మీరు చేసింది తప్పు కాదమ్మా. పైగా, మీ దురద కంటే ముందు ఆ పిక్క వాపు గురించే చెప్పాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఎక్కువసేపు కదలకుండా ప్రయాణం చేసినవారికి, కాలికి కట్టు వేయించుకున్నవారికి, ఆపరేషన్ అయినవారికి, గర్భిణులకు, బాలింతలకు ఈ ప్రమాదం ఎక్కువ. అలాంటి కాలిని నొక్కితే గడ్డ ఊడి, రక్తప్రవాహంతో పాటు ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. గాయపడిన కాలికి ఇంట్లో నూనెతో మర్దన చేశాక ఇదే విధంగా ఒక యువకుడు మరణించిన ఉదంతాన్ని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నమోదు చేశారు. పిక్క వాచిన ఆ కస్టమర్ ఫోన్ నంబరు మీ సెంటర్ రిజిస్టర్‌లో ఉంటే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకుని, సిరల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ గురించి అడగమని ఈరోజే చెప్పండి.

మీ చేతుల మీద ఉన్నది, మీరు రాసిన లక్షణాలను బట్టి, ఫంగస్ వల్ల వచ్చే తామర కావచ్చు. దురద ముఖ్యంగా రాత్రిపూట, వేళ్ల సందుల్లో ఉంటే గజ్జి అయ్యే అవకాశమూ ఉంది కాబట్టి చర్మవ్యాధి నిపుణులు చూసి తేల్చాలి. అవసరమైతే మచ్చ అంచున కాస్త గీకి, మైక్రోస్కోప్ కింద పరీక్షిస్తారు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ విజృంభించిందంటే ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. అది ఎర్రదనాన్ని, దురదను అణిచిపెడుతుందే గానీ ఫంగస్‌ను చంపదు. చర్మం రోగనిరోధక శక్తిని తగ్గించి, ఫంగస్ మరింత పాకడానికి దారి ఇస్తుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే నిబంధన తెచ్చినా, షాపుల్లో అవి ఇప్పటికీ అడగ్గానే దొరుకుతున్నాయి. ట్యూబు తెచ్చి డాక్టర్‌కు చూపించండి, తర్వాత దాన్ని వాడకండి. ఫంగస్ మందులను మచ్చ కనిపించకుండా పోయిన తర్వాత కూడా డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడాలి. డాక్టర్ సరేననే వరకు మసాజ్ చేయవద్దు, ఎందుకంటే ముంజేతులతో నొక్కే పనిలో మీ తామర మరొకరి వీపుకు అంటుతుంది.

ఇది మీకు కస్టమర్ల నుంచి వచ్చిందా అంటే, వచ్చి ఉండవచ్చు. సెంటర్‌లోని దుప్పటి, తువ్వాలు నుంచి కూడా రావచ్చు. నూనె జిడ్డు ఉన్న చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదన్న విషయం చాలామందికి తెలియదు. ప్రతి మనిషికి ముందు, తర్వాత మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. అరచేతిని మీ వైపు తిప్పి చూసుకుంటే వేలి కొనను దాటి గోరు కనిపించకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. గిన్నెలో పోసిన నూనెలో ఒకరి ఒళ్లు తాకిన వేళ్లను మళ్లీ ముంచి, మిగిలినది తర్వాతి మనిషికి వాడడం మన సెంటర్లలో మామూలైపోయింది. పంపు సీసా పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు. దుప్పట్లు ఒక్కొక్కరికీ మార్చి, వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరేయాలి.

ఇక మీ యజమాని మాట. ఎప్పుడు చేయకూడదో తెలియడం ఈ విద్యలో మొదటి పాఠం, అది కొత్తగా పుట్టినదీ కాదు. అభ్యంగనం, అంటే ఒంటికి నూనె మర్దన, రోజూ చేసుకోమన్న ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడే అదే చోట కఫరోగులు, వాంతులు, విరేచనాలు చేయించి ఒంటిని శుద్ధి చేసే శోధన చికిత్స చేయించుకున్నవారు, అజీర్ణంతో ఉన్నవారు దాన్ని మానాలని తన గ్రంథం అష్టాంగహృదయంలో చెప్పాడు. మీ సెంటర్ బోర్డు మీద ఉండే ‘స్వీడిష్ మసాజ్’ పేరు 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థను నెలకొల్పిన పెర్ హెన్రిక్ లింగ్‌తో ముడిపడింది. నిమరడం, పిసకడం వంటి పద్ధతులను విడదీసి ప్రచారంలోకి తెచ్చినది మాత్రం డచ్ వైద్యుడు మెజ్గర్. నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది 1894లో లండన్‌లో జరిగింది. మసాజ్ పేరుతో వ్యభిచారం నడుస్తోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాయడంతో వృత్తికే మచ్చ వచ్చిన సమయంలో, నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మసాజ్ మహిళల సంఘాన్ని పెట్టారు. డాక్టర్ సూచన లేకుండా మసాజ్ చేయరాదని, మందులు అమ్మరాదని నియమాలు రాసుకున్నారు. నేడు బ్రిటన్‌లోని చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ ఆ సంఘమే.

కాబట్టి మొదలుపెట్టే ముందు జ్వరం, షుగర్, బీపీ, రక్తం పలచబరిచే మందులు, ఇటీవలి ఆపరేషన్ల గురించి అడిగి రాసుకోండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి నూనె వేడి తెలియదు, కాలిపోయినా చెప్పలేరు. ఎక్కడ ముట్టుకుంటారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, మసాజ్ చేస్తున్న భాగం తప్ప మిగతా శరీరాన్ని కప్పి ఉంచండి. ఎవరైనా హద్దు దాటితే మధ్యలోనే ఆపేసే హక్కు మీకుంది. నడుము నొప్పికి కొంతకాలం ఉపశమనం ఇవ్వవచ్చని చెప్పండి చాలు, ఒంట్లోని విషాలన్నీ పోతాయని మాట ఇవ్వకండి. మెడ ‘టక్’మనేలా విరవమని అడిగితే ఎంత బతిమాలినా చేయవద్దు, మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు.

పని మానేయనక్కరలేదు, చేసే తీరు మార్చాలి. బల్ల పక్కన నిలబడి చేయి వేలాడదీస్తే పిడికిలి కణుపులు బల్లను తాకే ఎత్తు మీకు సరిపోతుంది. బొటనవేలి మీద భారం వేయకుండా శరీర బరువుతో నొక్కండి. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో ఎముకల డాక్టర్‌కు చూపించి, నరాల పరీక్ష చేయించుకోండి.