ఆ కుండల గది దాటేసి రాకు

చిన్నా,

సెలవుల్లో రోమ్, ఫ్లోరెన్స్ తిరిగొస్తానన్నావు, సంతోషం. కానీ "శిల్పాలు చాలు పెద్దమ్మా, ఆ కుండల గదులు బోర్" అన్నావు చూడు, అందుకే ఇంత రాస్తున్నా. మొదటిసారి నేనూ అదే పని చేశాను. వాటికన్‌లో సిస్టీన్ చాపెల్ జనంలో పడి నలిగి నలిగి, ఆ కుండలుండే ఎట్రుస్కన్ మ్యూజియం (ఎట్రుస్కన్లంటే రోమన్లకి ముందు ఇటలీలో ఉన్నవాళ్ళు) వైపు వెళ్ళేసరికి తలుపులు వేసేస్తున్నారు. మళ్ళీ వెళ్ళడానికి పదకొండేళ్ళు పట్టింది. నువ్వు పొద్దున్నే ముందు అటే పో.

అన్నీ చూసేయాలని పెట్టుకోకు. ఎగ్జేకియాస్ అనే ఏథెన్స్ కుమ్మరి చేసిన ఆంఫొరా, అంటే రెండు పిడుల పెద్ద కుండ, ఒక్కటి వెతుక్కుని, దాని ముందు ఓ ఇరవై నిమిషాలు నిలబడు. క్రీ.పూ. 540-530 ప్రాంతపు పని. గ్రీకు పురాణాల్లోని ట్రాయ్ యుద్ధం మధ్యలో గ్రీకు వీరులు అకిలీస్, ఎజాక్స్ ఎదురెదురుగా కూచుని, ఈటెలు భుజం మీంచి దించకుండానే పాచికలాడుతుంటారు. నోళ్ళ దగ్గర సన్నటి గ్రీకు అక్షరాలుంటాయి: అకిలీస్ "నాలుగు" అంటున్నాడు, ఎజాక్స్ "మూడు". ఇద్దరూ ఇంటికి తిరిగెళ్ళరని, ఎజాక్స్ తన కత్తి మీద తనే పడి చస్తాడని ఆ కుండ కొన్నవాడికి ముందే తెలుసు, అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోతుంటే మనకి తెలిసినట్టే.

దగ్గరకెళ్ళి వాళ్ళ దుప్పట్ల మీది పనితనం చూడు. ఆ గీతలు కుంచెవి కావు, నల్ల పూతని సన్నటి మొనతో గీకినవి. అసలు ఆ నలుపు రంగే కాదురా, బాగా తేర్చిన బంకమట్టి పూత. ఆవంలోకి ముందు గాలి వదులుతారు, తర్వాత గాలి ఆపి పొగలో మగ్గబెడతారు, మళ్ళీ గాలి వదులుతారు. అప్పుడు కుండ ఒళ్ళంతా తిరిగి ఎర్రబడుతుంది, పూత ఉన్నచోట మాత్రం నలుపు గట్టిపడి అలాగే ఉండిపోతుంది. మన కుమ్మరి ఆవంలో పొగ తగిలి కుండ నల్లబడుతుంది చూడు, ఆ పొగనే వీళ్ళు చెప్పినట్టు వినేలా చేసుకున్నారు.

వెనకవైపు చూడకుండా మాత్రం రాకు. అక్కడ పోలిడ్యూసెస్ (గ్రీకు కథల్లోని కవల వీరుల్లో ఒకడు) ఇంటికొస్తే కుక్క ఎగిరి మీద పడుతుంటుంది. నాకైతే ముందువైపు కన్నా అదే ఇష్టం.

ఎర్ర బొమ్మలు, నల్ల నేపథ్యం ఉన్నవి దీని తర్వాతి కాలానివి, క్రీ.పూ. 520 దగ్గర్లో ఏథెన్స్ వాళ్ళు లెక్క తిరగేశారు, గీకుడు పోయి కుంచె వచ్చింది. మూడు పిడులుంటే నీళ్ళ కుండ, నోరు వెడల్పుగా ఉన్న పెద్దది వైన్‌లో నీళ్ళు కలిపేది. గ్రీకు కుండలకి ఇటలీలో ఏం పని అంటావేమో. ఎట్రుస్కన్లు ఎగబడి కొని, చచ్చినవాళ్ళతోపాటు సమాధుల్లో పెట్టుకున్నారు, అందుకే పగలకుండా మిగిలాయి.

ఫ్లోరెన్స్ ఆర్కియాలజీ మ్యూజియంలో ఫ్రాన్స్వా కుండ అనే పాత గ్రీకు కుండ చూడు. 200కి పైగా బొమ్మలున్నాయి దాని మీద. 1900లో అక్కడి కాపలావాడొకడు కోపంలో స్టూలు విసిరితే 638 ముక్కలైంది, అన్నీ కూర్చి నిలబెట్టారు.

ఇంకోటి, వాటికన్ మ్యూజియాలు ఆదివారం తెరవరు. నెలాఖరు ఆదివారం తెరుస్తారు, టికెట్ ఉండదు. ఫ్రీ కదా అని ఆ రోజు వెళ్ళావో, కుండ కాదు కదా దాని పిడి కూడా కనపడదు.

పెద్దమ్మ