అతుకు ఎక్కడుందో చూడు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

డీప్‌ఫేక్‌ల మీద, అంటే కంప్యూటరు ప్రోగ్రాముతో ఒకరి ముఖాన్ని అతికించి చేసే నకిలీ వీడియోల మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "డీప్‌ఫేక్ చేసేవాడు దేవుడి పనిని తన చేతిలోకి తీసుకున్నాడు" అని మొదలుపెట్టావు. వినడానికి బావుంది గానీ, ఆ వాక్యం కొట్టెయ్యి. ఆదికాండం మొదటి వచనంలో మన బైబిలు "సృజించెను" అన్నచోట హీబ్రూలో ఉన్న మాట "బారా". సృజించడం అనే అర్థంలో ఆ క్రియకి హీబ్రూ గ్రంథం మొత్తంలో దేవుడొక్కడే కర్త. కుమ్మరికీ, కంసాలికీ, రాజుకీ ఎక్కడా వాడలేదు. డీప్‌ఫేక్ చేసేవాడి దగ్గరున్నవల్లా వేరేవాళ్ల ఫోటోలు, వాటినుంచి ముఖాల్ని నేర్చుకునే ప్రోగ్రామూ. వాణ్ణి సృష్టికర్తతో పోల్చావంటే వాడికి నువ్వే పీట వేసినట్టు.

నీకు పనికొచ్చే మాట ఇరవయ్యారో వచనంలో ఉంది. "మన స్వరూపమందు మన పోలికె చొప్పున" అన్న దగ్గర హీబ్రూ మాటలు "సెలెం", "దెమూత్". సెలెం అంటే బొమ్మ కూడా. సంఖ్యాకాండం 33వ అధ్యాయంలో నాశనం చెయ్యమన్న పోత విగ్రహాలకీ అదే మాట. 1979లో సిరియాలోని తెల్ ఫఖరియాలో ఒక పాలకుడి రాతి విగ్రహం బయటపడింది. క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది లెక్క. దానిమీద అక్కాడియన్‌లోనూ అరమాయిక్‌లోనూ శాసనం చెక్కారు. అరమాయిక్ శాసనం ఆ విగ్రహాన్ని పిలిచింది సరిగ్గా ఈ రెండు మాటలతోనే! రాజు లేనిచోట రాజు తరఫున నిలబడేది విగ్రహం. అందుకే స్వరూపం అన్న మాటలో ముక్కూ మొహం పోలిక కన్నా ఒకరి తరఫున నిలబడే అధికారమే ఎక్కువగా ఉందని చాలామంది పండితులు చదువుతారు, నేనూ అలాగే చదువుతాను. 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికుల్ని ఆయుధాలు దించమన్నట్టు ఒక నకిలీ వీడియో తిరిగింది. నాసిరకం పని, తల ఒంటికి అతకనే లేదు. అయినా అది దొంగిలించబోయింది ముఖాన్ని మాత్రమేనా? ఒక దేశాధ్యక్షుడి మాటకుండే బరువుని. నీ వ్యాసం ఇక్కణ్ణుంచి మొదలవ్వాలి.

ఇక నకిలీని గుర్తుపట్టడం సంగతి. ఆదికాండం చదవడం నేర్చుకుంటే ఆ కన్ను కొంత వస్తుంది. మొదటి అధ్యాయంలో చెట్లు, జంతువులు, చివర్న స్త్రీపురుషులు కలిసి. రెండో అధ్యాయం నాలుగో వచనం మధ్యలో వరస తిరగబడుతుంది. ముందు మనిషి, తరవాత తోట, జంతువులు, ఆఖర్న స్త్రీ. "దేవుడు" కాస్తా "దేవుడైన యెహోవా" అవుతాడు. 1753లో ఝాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేర్ల మార్పు ఆధారంగానే, ఆదికాండం రాశాడని సంప్రదాయం చెప్పే మోషే చేతికి వేర్వేరు పాత రాతలు అందాయని వాదించాడు. ఒకే చెయ్యి ముందు దూరంనుంచి, తరవాత దగ్గరనుంచి రాసిందనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది అతుకే. కూర్చినవాళ్లు దాన్ని నునుపు చెయ్యకుండా అలాగే ఉంచారు. అది తలుచుకున్నప్పుడల్లా వాళ్లమీద గౌరవం పెరుగుతుంది.

నునుపు చేసినవాళ్లు తరవాత వచ్చారు. రెండో అధ్యాయం రెండో వచనంలో, హీబ్రూ ప్రకారం, దేవుడు తన పని ఏడో రోజున ముగించాడు. మరి విశ్రాంతి రోజున పని చేశాడా? పాత గ్రీకు అనువాదంలోనూ సమరయుల ప్రతిలోనూ అది "ఆరో రోజు" అయింది. మన తెలుగు బైబిలు "యేడవదినములోగా" అని ఒక్క "లోగా"తో సర్దింది. ఏ పాఠం మరీ సాఫీగా ఉందో దాన్నే ముందు అనుమానించమంటారు పాత ప్రతుల్ని పోల్చి అసలు పాఠం తేల్చే పాఠ పరిష్కర్తలు. బొమ్మల దగ్గరా అది గుర్తుపెట్టుకో.

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన లిఫ్ట్ వీడియో నువ్వూ చూసే ఉంటావు. వీడియోలోని అసలు అమ్మాయి లిఫ్ట్‌లోకి అడుగుపెట్టే మొదటి సెకనులోనే ముఖం మారడం కనిపిస్తుంది. ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే అతుకు దొరుకుతుంది, ఆపకపోతే దాటిపోతుంది. "కళ్లు ఆర్పకపోతే నకిలీ" అని నువ్వు రాసింది తీసెయ్యి. 2018లో అది పనికొచ్చింది, ఆ తరవాత తయారుచేసేవాళ్లు కళ్లు ఆర్పించడం నేర్చుకున్నారు. అంతకన్నా నీడ గురించి చెప్పు. ఎండలో తీసిన ఫోటోలో నీడ కొసనుంచి ఆ నీడ వేసిన వస్తువు కొసకి గీత గీసి పొడిగించు. సూర్యుడు కెమెరాకి ఎదుటివైపు ఉంటే, అలా గీసిన గీతలన్నీ సూర్యుడున్న ఒకే బిందువు వైపు పోవాలి. ఒకటి పక్కకి పోతే ఆ వస్తువు వేరే ఎండలోనుంచి వచ్చిందని అనుమానించవచ్చు.

ఒక సంగతి నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. చాలా ఏళ్ల కింద, చెరువు కట్ట తెగిన ఫోటో ఒకటి ఒక కుర్రాడు నాకు పంపాడు. ఎర్రర్ లెవెల్ అనాలిసిస్‌లో, అంటే ఫోటోని మళ్లీ కుదించి ఏ భాగం ఎంత మారిందో మెరుపుగా చూపే పరీక్షలో, పెట్టి చూస్తే కట్ట అంచులు మెరిశాయి. అతికించిన బొమ్మ అని నలుగురిలో అనేశాను. పదునైన అంచులూ అక్షరాలూ మామూలుగానే మెరుస్తాయనీ, వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటో మళ్లీ మళ్లీ కుదించుకుపోయి ఆ పరీక్షకే పనికిరాకుండా పోతుందనీ అప్పటికి నాకు తెలీదు. ఫోటో నిజం, కట్ట తెగిందీ నిజం. ఆ అబ్బాయి ఊళ్లో వాళ్లు అతన్ని అబద్ధాలకోరు అన్నారు. వెళ్లి క్షమాపణ అడిగాను. ఏమీ అనకుండా మంచినీళ్లు ఇచ్చాడు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ అంతకుముందు వందసార్లు చదివినవాణ్ణే.

అందుకని నీ చివరి పేజీలో "నకిలీ" అన్న మాట ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టు. నీ కళ్లతో అతుకు చూసిన చోట దాన్ని ఉంచి, మిగతా చోట్ల "అనుమానం ఉంది" అని రాసి, ఆ అనుమానం ఎందుకో పక్కనే ఒక వాక్యంలో చెప్పు. ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలు పెన్సిలు పట్టుకుని మళ్లీ చదువు. వచ్చే ఆదివారంలోగా మొదటి పేరా తిరగరాసి పంపు.

నీ శ్రేయోభిలాషి