చిన్నీకి, చలికాలం ఫొటోల గురించి

నర్సీపట్నం,
డిసెంబరు 6

చిన్నీ,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. చలికి మీ అత్తయ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి గానీ, పొద్దెక్కాక అరుగు మీద కాసేపు ఎండలో కూర్చుంటే సర్దుకుంటున్నాయి.

నీ మెసేజ్ చూశాను. వానాకాలమంతా వికారాబాద్ కొండలు తిరిగి రోజుకో ఫొటో పంపినదానివి, దీపావళి తర్వాత కెమెరా బ్యాగులోంచే తీయలేదన్నావు. "బయటంతా బూడిదరంగు మామయ్యా, తీయబుద్ధి కావడం లేదు" అని రాశావు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా పరువు పోయిన సంగతి చెబుతాను. ఫిల్మ్ రీళ్ళ రోజులు. కొత్తగా మంచి కెమెరా కొన్నాను. ఒక జనవరిలో తెల్లవారుజామున జీపెక్కి లంబసింగి పోయాను. మాకు 30 కిలోమీటర్లే అయినా, ఘాట్ ఎక్కేసరికి వేరే దేశంలా ఉంటుంది. ఆ ఊరిని అక్కడివాళ్ళు కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. అంత మంచు చూసేసరికి నాకు పూనకం వచ్చినట్టయింది. 36 ఫొటోల రీలు గంటలో అయిపోయింది. కడిగించి చూస్తే ఒక్కటీ పనికొచ్చేది లేదు. అన్నీ మురికి నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. ల్యాబ్‌లో కుర్రాడు "మంచుకి వెళ్ళారా, పొయ్యి దగ్గర కూర్చున్నారా గురువుగారూ" అన్నాడు.

తప్పు నాదే, రెండు రకాలుగా. మొదటిది, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌ని నమ్మడం. దాని కంటికి లోకమంతా ఓ మోస్తరు బూడిదరంగులో ఉండాలి. ఎదురుగా తెల్లటి మంచు కనిపిస్తే, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నువ్వు చూసిన బూడిదరంగు చాలదన్నట్టు, ఫొటోలో ఇంకాస్త అది పూస్తుంది! నీ కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది చూడు, మంచులో దాన్ని ప్లస్ ఒకటి దాకా పెంచు. ఫోన్ అయితే తెర మీద వేలు పెట్టి, కనిపించే సూర్యుడి బొమ్మని పైకి జరుపు. మంచు మళ్ళీ తెల్లగా అవుతుంది. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ కూడా ఆటోలో వదిలేయకు, ఎండ గుర్తు మీద పెట్టు. లేకపోతే తెల్లవారుజామున ఉండే నీలాన్ని అది బాగు చేస్తున్నాననుకుని తుడిచేస్తుంది.

రెండో తప్పు పెద్దది. నేను మంచుని ఫొటో తీశాను. మంచులో తీయడానికి ఏముందో చూడలేదు. మంచు తెర లాంటిది. వెనకున్న కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, రేకుల షెడ్లు అన్నిటినీ కప్పేసి, దగ్గరున్న ఒక్కదాన్నే నీకు వదిలిపెడుతుంది. ఆ ఒక్కటి నల్లగా, గట్టిగా ఉండాలి. తాటిచెట్టో, కంబళి కప్పుకుని నడిచే మనిషో, ఎడ్లబండో. ఇంకోటి కాస్త దూరంలో, మూడోది ఇంకా దూరంలో ఉంటే, ఒకదానికంటే ఒకటి పలచబడుతూ పోతాయి. అది దొరికేదాకా బటన్ నొక్కకుండా నిలబడ్డం నాకు రావడానికి మూడు చలికాలాలు పట్టింది.

ఇప్పుడు లంబసింగి, వంజంగి అంటే జనం బారులు తీరుతున్నారు. అందరూ ఒకే గట్టు మీద నిలబడి ఒకే మేఘాలు తీస్తారు. వెళ్ళొద్దనను, ఒకసారి చూడాల్సిందే. కానీ నీ చలికాలాన్ని దాని మీద పెట్టుకోకు. సెలవు దొరికి, బస్సు దొరికి, ఆ రోజే మంచు పట్టాలంటే ఏడాదికి ఒక ఫొటో వస్తుంది. వెళ్ళినా, పొగమంచులో ఘాట్ రోడ్డు మీద బండి నడపొద్దు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను.

నువ్వు మియాపూర్‌లో ఉన్నావు. అమీన్‌పూర్ చెరువు నీకు పక్కనే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఈ నెలల్లో సూదితోక బాతుల్లాంటి వలస పక్షులు దిగుతాయి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. పక్షుల కోసం బారెడు లెన్స్ లేదని దిగులు పడకు. గుంపు మొత్తాన్ని చిన్నగా పెట్టి, నీళ్ళ మీద ఆవిరిని పెద్దగా పెట్టు. అక్కడికే వారానికి రెండుసార్లు వెళ్ళు, అదే గట్టు మీదికి. మొదటి మూడుసార్లు ఏమీ కనిపించదు, విసుగొస్తుంది. నాలుగోసారి వెళ్ళేసరికి, ఎక్కడ ఎండ ముందు పడుతుందో, చేపలు పట్టేవాళ్ళు ఏ వైపు దిగుతారో నీకే తెలిసిపోతుంది. అప్పుడు ముందే వెళ్ళి నిలబడొచ్చు.

నాలుగింటికి లేవాలని టెన్షన్ పడకు. మేలో హైదరాబాద్‌లో అయిదూముక్కాలుకే సూర్యుడొచ్చేస్తాడు. ఇప్పుడు ఆరున్నర దాటాలి. సంక్రాంతి వస్తే తొందరగా తెల్లవారుతుందని అందరూ అనుకుంటారు గానీ, జనవరి మూడో వారం దాకా పొద్దుపొడుపు ఇంకాస్త ఆలస్యమవుతూనే ఉంటుంది. ఆఫీసుకి వెళ్ళే వాళ్ళకి ఇంతకంటే అనువైన కాలం లేదు. వెలుతురు కూడా అంతే. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందే ఉంటుంది, ముఖాల్లో కళ్ళు గుంటల్లా పడతాయి. ఇప్పుడు పన్నెండింటికి కూడా అయిదున్నర అడుగుల మనిషికి దాదాపు అయిదడుగుల నీడ. సూర్యుడు రోజంతా పక్కనుంచే వస్తాడు. స్టూడియోలో నేను రెండు లైట్లు, ఒక గొడుగు పెట్టి చేసిన పని అది.

ఆ పక్క వెలుతురు ఏం చేస్తుందో ముగ్గు మీద చూడు. ధనుర్మాసంలో మీ అమ్మమ్మ చీకటితోనే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది, గుర్తుందా? అందరూ నిలబడి పైనుంచి ముగ్గు మొత్తం తీస్తారు. అది పుస్తకంలో డిజైన్‌లా వస్తుంది. ఓ రోజు నేను మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాని నేలకి జానెడెత్తులో పెట్టాను. ఎండ అప్పుడే ఎదురింటి గోడ దాటింది. ముగ్గుపిండి గీత చిన్న గట్టులా లేచి కనిపించింది, దాని పక్కన సన్నటి నీడ. పేడనీళ్ళు ఇంకా ఆరలేదు, తడి మెరుస్తోంది. అమ్మ రెండు వేళ్ళ మధ్యనుంచి పిండి జారుతుంటే ఒక్కో రేణువూ వెలుగుతోంది. అయిదు నిమిషాలు అలా ఉంది, అంతే. తర్వాత పాల వ్యాన్ దాని మీంచి వెళ్ళిపోయింది. మీ అపార్ట్‌మెంట్ గేటు ముందు వాచ్‌మెన్ భార్య ముగ్గు వేస్తుంది కదా, ముందు అడిగి తీయి. ప్రింటు వేయించి ఇవ్వు. మర్నాటి నుంచి నీకోసం ఆవిడే చుక్కలు పెంచుతుంది.

కెమెరాకి చలి పడదు. బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది జేబులో ఒంటి వేడికి ఉంచుకో. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా బయటికి తీయకు, లెన్స్ మీద చెమ్మ పడుతుంది. బ్యాగు జిప్పు వేసి ఓ అరగంట అలాగే వదిలెయ్. నోటి ఆవిరి తగిలి లెన్స్ మసకబారితే చీర కొంగుతోనో చున్నీతోనో తుడవకు. మీ అత్తయ్య ఒకసారి నాకు అలా సాయం చేసింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

సంక్రాంతికి వస్తున్నావు కాబట్టి భోగి మంట గురించి కూడా చెప్పేస్తాను. ఫ్లాష్ వేయకు. గాలి ఎటు వీస్తోందో చూసి, అది నీ వీపుకి తగిలేలా నిలబడు, లేకపోతే పొగంతా నీ మొహానికే. మంటని తీయకు, ఎవరు తీసినా ఒకేలా ఉంటుంది. చుట్టూ ఉన్న ముఖాలు తీయి. మంట పెద్దగా ఉన్నప్పుడు అందరూ వెనక్కి జరుగుతారు, పిల్లలు అరుస్తారు. అది సరదాగా ఉంటుంది గానీ ఫొటోకి ఆగు. ఆరింటి ప్రాంతంలో మంట తగ్గి, ఆకాశం నల్లదనం పోయి ముదురు నీలంలోకి వస్తుంది. ముసలాళ్ళు అరచేతులు చాపి దగ్గరికి జరుగుతారు. పైన నీలం, కింద ఎర్రటి నిప్పులు, రెండూ సమానంగా ఉండేది పావుగంట. అప్పటికి నీ కెమెరా కార్డు నిండిపోయి ఉండకూడదు.

ఆ తర్వాత హరిదాసు వస్తాడు. ముందు బియ్యం పోసెయ్, ఆయన వంగి అక్షయపాత్రలో పోయించుకున్నాక ఫొటో అడుగు. కిందటేడు ఎవరో కుర్రాడు బియ్యం లేకుండా వీడియో తీయబోతే, ఆయన చిడతలు ఆపి అటు తిరిగి నిలబడ్డాడు.

జనవరి 12వ తేదీ రాత్రి బస్సుకి బయల్దేరు, పండగ రద్దీలో టికెట్లు దొరకవు, ఇవాళే చూసుకో. అమీన్‌పూర్ ఫొటోలు వచ్చేటప్పుడు పట్టుకురా, బాగా రానివి కూడా. వాట్సాప్‌లో కాదు, ప్రింట్లు వేయించి తే. నా కళ్ళజోడుకి ఫోన్ తెర ఆనడం లేదు.

మీ మామయ్య